టెక్ సందేహాలు: కెమిస్ట్రీ లెక్కలకు మీ ఎస్సెమ్మెస్‌లతో ఏం పని?

“మా పిల్లగాడు ఇంటర్ సెకండియర్. కెమిస్ట్రీ లెక్కలు ప్రాక్టీస్ చేసే యాప్‌కు చందా ఎక్కువని, దోస్తు వాట్సాప్‌లో పంపిన ‘ప్రీమియం ఫ్రీ’ ఫైలు నా ఫోన్‌లో ఎక్కించిండు. అప్పట్నుంచి ఫోన్ ఊరికే వేడెక్కుతున్నది. ఓటీపీలు వచ్చినట్టే వచ్చి మాయమైతున్నయి. బ్యాటరీ మార్చాల్నా?” — మిర్యాలగూడ నుంచి ఒక తండ్రి.

బ్యాటరీ సంగతి తర్వాత. ముందు ఆ ఫోన్‌లో డేటా, వైఫై రెండూ ఆపేయండి. సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేసుకుని, బ్యాంకుకు ఫోన్ చేసి యూపీఐ, నెట్ బ్యాంకింగ్ బ్లాక్ చేయించండి. ఖాతాలోంచి ఒక్క రూపాయి పోయినా సరే, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. తెల్లారి చూద్దాం అనుకోవద్దు. డబ్బు ఖాతాలు మారిపోకముందే చెబితేనే ఆపడానికి వీలుంటుంది. తర్వాత ఫొటోలు మాత్రం కాపీ చేసుకుని ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఆ యాప్‌ను ఉత్తగా తీసేస్తే చాలదా అంటారేమో. చాలాసార్లు దాన్ని తీయనే తీయనివ్వదు. ‘అన్‌ఇన్‌స్టాల్’ నొక్కబోతే స్క్రీన్ దానంతటదే వెనక్కి పోతుంది.

పరీక్షల సీజన్ వచ్చిందంటే ఇలాంటి ఉత్తరాలు వరుసగా వస్తాయి. ఒకసారి ‘హాల్ టికెట్’ పేరుతో, ఇంకోసారి ‘లీకైన పేపర్’ పేరుతో, రిజల్ట్స్ రోజుల్లో ‘ర్యాంక్ కార్డ్’ పేరుతో. పేరు ఏదైనా ఫైలు చివర ఏపీకే అని ఉంటే అది హాల్ టికెట్ కాదు, మీ ఫోన్‌లో కాపురం పెట్టడానికి వచ్చిన యాప్. ఎక్కగానే అది అడిగేవి రెండు: ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి, యాక్సెసిబిలిటీ అనుమతి. మొదటిదాంతో ఓటీపీ దాని చేతికి పోతుంది. రెండోది ఇంకా ప్రమాదం. చూపు సరిగా లేనివాళ్లకు స్క్రీన్ చదివి వినిపించడానికి, చేతులు ఆడనివాళ్లకు బదులుగా బటన్లు నొక్కడానికి పెట్టిన సదుపాయం అది. దొంగ చేతికి చిక్కితే మీ తెర మీద ఉన్నదంతా చదువుతుంది, మీ బదులు తనే నొక్కుతుంది. మోల్ కాన్సెప్ట్ నేర్పే యాప్‌కు మీ మెసేజ్‌లతో పనేంటని ఆ పిల్లాడు ఒక్క క్షణం ఆగి ఉంటే సరిపోయేది.

ఫోన్లు తయారుచేసేవాళ్ల మీద కూడా నాకు కోపం ఉంది. ఆండ్రాయిడ్ 13 నుంచి బయటి ఫైళ్లకు యాక్సెసిబిలిటీ సులువుగా దొరక్కుండా తాళం వేశారు, మంచిదే. కానీ ఆ తాళం తీసే దారి కూడా సెట్టింగ్స్‌లోనే, మూడు చుక్కల వెనక పెట్టారు. ఫైలు పంపిన మెసేజ్‌లోనే ‘మూడు చుక్కలు నొక్కండి, అలో చేయండి’ అని బొమ్మలతో సహా ఉంటుంది. హెచ్చరిక ఇంగ్లీషులో, మోసగాడి సూచనలు శుభ్రమైన తెలుగులో! ఎవరి మాట వింటారు మనవాళ్లు?

ఇంకో మాట అయ్యగారూ, జీతం పడే ఖాతా, పిల్లల ప్రాక్టీసు ఒకే ఫోన్‌లో వద్దు. ఇంట్లో మూలన పడిన పాత ఫోన్ ఉంటే సిమ్ లేకుండా వాడికివ్వండి. ఎప్‌సెట్ (మాకు వచ్చే ఉత్తరాల్లో ఇప్పటికీ ఎంసెటే) మాక్ టెస్ట్ అధికారిక వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలూ అంతే. దొంగ ఫైలు ఎక్కించుకోవాల్సినంత కరువేం లేదు.

“లెక్కను ఫొటో తీస్తే చేసిపెట్టే యాప్ వాడుతున్నాను. దాని జవాబు, కీ జవాబు కలవట్లేదు. ఏది నమ్మాలి?” — వనపర్తి విద్యార్థి.

అతను పంపిన లెక్క: 10⁻⁸ మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ (హైడ్రోజన్ అయాన్ల గాఢతకు రుణ లాగ్; 7 కన్నా తక్కువైతే ఆమ్లం) ఎంత? ఆ యాప్ ధైర్యంగా మైనస్ 0.3 అంది. ఎందుకో చూస్తే, ఫొటోలో పైన చిన్నగా ఉన్న మైనస్ ఎనిమిదిని కిందికి దించి ‘10-8’గా చదువుకుంది. అంటే 2 మోలార్! ఇంకో యాప్‌లో టైప్ చేసి అడిగితే 8 అంది. ఆమ్లం పీహెచ్ 7 దాటుతుందా? నీళ్లలోంచి వచ్చే హైడ్రోజన్ అయాన్లను కూడా కలుపుకుంటే వచ్చేది 6.98. కీ కరెక్టే. ఫొటో తీసే ముందు జవాబు సుమారుగా ఎంత రావాలో మార్జిన్‌లో రాసుకో బాబూ. యాప్ తప్పు చేసినప్పుడు పట్టుకునేది ఆ మార్జినే.

“ఫోన్ కాలిక్యులేటర్‌లో పీహెచ్ లెక్కలన్నీ తప్పు వస్తున్నాయి. అప్‌డేట్ వచ్చాకే ఇలా అయింది. 0.01 మోలార్ ఆమ్లానికి 4.6 చూపిస్తోంది.” — దేవరకొండ అమ్మాయి.

తప్పు లాగ్ నొక్కావమ్మా. నీకు కావలసింది పది ఆధారంగా లెక్కేసే ‘లాగ్’, నువ్వు నొక్కింది సహజ లాగ్ ‘ఎల్‌ఎన్’. 4.6ను 2.303తో భాగించి చూడు, 2 వస్తుంది. అప్‌డేట్‌ది కూడా కొంత తప్పుంది. మొన్నటిదాకా ఉన్న బటన్‌ను పక్కకు జరిపి, దాని చోట ఇంకోటి పెట్టడం ఈ మధ్య వాళ్లకు సరదా అయింది. రోజూ వేలు అలవాటు పడిన చోటు మార్చేసి ‘కొత్త అనుభూతి’ అంటారు. కాలిక్యులేటర్‌లో అనుభూతి ఎవరికి కావాలి?

అసలు నువ్వు దాన్ని ముట్టుకోవడమెందుకు? ఎప్‌సెట్ హాల్లోకి కాలిక్యులేటర్ రానివ్వరు. 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అందులో కెమిస్ట్రీ 40. లాగ్ 2 అంటే 0.301, లాగ్ 3 అంటే 0.477, ఈ రెండూ నోటికొస్తే సగం పీహెచ్ లెక్కలు కాగితం మీదే అయిపోతాయి. మన నల్గొండ వైపు నీళ్లతోనే చూడు. బోరు నీళ్లలో లీటరుకు 3.8 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందనుకో (1.5 దాటకూడదు). ఫ్లోరిన్ 19 కాబట్టి 3.8ని 19తో భాగిస్తే 0.2 మిల్లీమోల్, అంటే 2×10⁻⁴ మోలార్. దాని రుణ లాగ్ కావాలంటే 4లోంచి 0.3 తీసెయ్, 3.7. ఇదంతా బస్సులో కిటికీ పక్క కూర్చుని చేసే లెక్క. ఫోన్ బ్యాగులోనే ఉండనీ, ఎలాగూ చార్జింగ్ లేదని ఉత్తరం చివర నువ్వే రాశావుగా.