శాంతి సంస్థలో చేరితే జీతం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయికి 22 ఏళ్ళు. బీఏ పొలిటికల్ సైన్స్ ఈ ఏడాదే పూర్తయింది. మాది చర్చికి వెళ్ళే కుటుంబం. ఇంటర్నేషనల్ ఫెలోషిప్ ఆఫ్ రీకన్సిలియేషన్ అనే శాంతి సంస్థలో చేరతానంటోంది. అది ఉద్యోగమా, సేవా? గొడవలున్న దేశాలకు పంపేస్తారేమోనని వాళ్ళమ్మకు నిద్ర పట్టడం లేదు. - ఒక తండ్రి, కాకినాడ

జవాబు: సార్, మీ ఇంట్లో టెన్షనంతా ‘చేరడం’ అనే మాట దగ్గరే మొదలైంది. బ్యాంకులో చేరడం వేరు, ఇందులో చేరడం వేరు. ఇది సభ్యత్వం. ఆయా దేశాల్లోని శాఖల ద్వారా, అనుబంధ సంస్థల ద్వారా ఇందులో ఉంటారు. ఎక్కువమంది తమ ఉద్యోగం తాము చేసుకుంటూనే ఈ పని చేస్తారు. నెదర్లాండ్స్‌లోని అంతర్జాతీయ కార్యాలయంలో జీతం తీసుకునేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. కాబట్టి అప్లై చేస్తే పిలుపొస్తుంది, వీసా వస్తుంది అనే లెక్కలు వేసుకోవద్దు.

అలాగని అమ్మాయిది పిచ్చి ఆలోచనేమీ కాదు. 1914 ఆగస్టులో జర్మనీలోని కాన్‌స్టాన్స్‌లో క్రైస్తవుల శాంతి సభ ఒకటి యుద్ధం ముంచుకురావడంతో అర్ధాంతరంగా ముగిసింది. తిరుగు ప్రయాణంలో కొలోన్ రైల్వే స్టేషన్లో ఒక ఇంగ్లిష్ క్వేకరు (యుద్ధం వద్దనే క్రైస్తవ శాఖవాడు), ఒక జర్మన్ పాస్టరు చేతులు కలిపి, మన దేశాలు కొట్టుకున్నా మనం మాత్రం శత్రువులం కాబోమని మాట ఇచ్చుకున్నారు. ఆ మాట మీద నిలబడినవాళ్ళే 1919లో నెదర్లాండ్స్‌లోని బిల్ట్‌హోవెన్‌లో ఈ అంతర్జాతీయ సంస్థ పెట్టారు. 1931లో లండన్ వెళ్ళిన గాంధీజీ బస చేసిన కింగ్స్‌లీ హాల్‌ అనే సేవాకేంద్రం నిర్వాహకురాలు మ్యూరియల్ లెస్టర్ కూడా తర్వాత ఈ సంస్థ తరఫున దేశదేశాలు తిరిగారు. మొదలైంది క్రైస్తవంతోనే అయినా ఇప్పుడు ఇందులో ముస్లింలు, యూదులు, బౌద్ధులు కూడా ఉన్నారు. మతమార్పిడి దీని పని కాదు. చుట్టాలు అడిగితే ఆ మాట చెప్పండి.

మరి కెరీర్ ఎలా? బేయార్డ్ రస్టిన్ సంగతి చెబుతాను. ఆయన 1941లో ఈ సంస్థ అమెరికా శాఖలో చేరి 12 ఏళ్ళు పనిచేశాడు. 1963లో నల్లజాతివారి హక్కుల కోసం జరిగిన పెద్ద ప్రదర్శన, వాషింగ్టన్ మార్చ్ ఏర్పాట్లు ఆయన చేతికొచ్చాయి. సుమారు 8 వారాల గడువు, వచ్చినవాళ్ళు దాదాపు 2.5 లక్షల మంది. మనకు అక్కడ మార్టిన్ లూథర్ కింగ్ చేసిన ప్రసంగం గుర్తుంటుంది. రస్టిన్ తల బద్దలు కొట్టుకున్నది మాత్రం బస్సులు ఎక్కడ ఆపాలి, మరుగుదొడ్లు ఎన్ని కావాలి, ఎండలో తాగునీళ్ళు ఎలా అన్న వాటి మీద. న్యూయార్క్‌లోని ఒక చర్చిలో వాలంటీర్లు 80 వేల భోజనం పొట్లాలు కట్టారు. లోపల చీజ్ శాండ్‌విచ్‌లు. శాంతి పని అంటే సగం ఇదే సార్. ఆశయం ఉన్నవాళ్ళు నా దగ్గరికి చాలామంది వస్తారు. మీటింగు మినిట్స్ సరిగ్గా రాయగలిగినవాళ్ళు, ఖర్చుకు బిల్లు జాగ్రత్త పెట్టేవాళ్ళు, కోపంగా ఉన్న మనిషి మాట మధ్యలో తుంచకుండా వినేవాళ్ళు తక్కువ. జీతం ఇచ్చి తీసుకునేది వాళ్ళనే.

అందుకే ముందు చేతిలో ఒక విద్య ఉండాలి. లా, సోషల్ వర్క్, అకౌంట్స్, అనువాదం, ఏదైనా సరే. ఈ రంగంలోనే చదవాలనుకుంటే ఢిల్లీ జామియా మిల్లియాలో నెల్సన్ మండేలా సెంటర్ ఎంఏ నడుపుతోంది. దగ్గర్లో కావాలంటే హైదరాబాద్ శివరాంపల్లిలోని హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ మతాల మధ్య సఖ్యత మీదే పనిచేస్తుంది, వెళ్ళి మాట్లాడమనండి. తర్వాత ఇక్కడే మూడేళ్ళు ఉద్యోగం చేయాలి. మూడేళ్ళు అని ఎందుకంటున్నానంటే, విదేశాల్లో మాస్టర్స్‌కు పూర్తి ఖర్చు భరించే రోటరీ పీస్ ఫెలోషిప్‌కు అంత అనుభవం అడుగుతారు. ఒక చిన్న సంగతి: మీరు రోటరీ సభ్యులైతే మీ పిల్లలకు అది రాదు. ముందే చూసుకోండి.

ఇక అమ్మగారి భయం. ఘర్షణ ప్రాంతాలకు మనుషుల్ని పంపేది వేరే సంస్థలు: నాన్‌వయొలెంట్ పీస్‌ఫోర్స్, కమ్యూనిటీ పీస్‌మేకర్ టీమ్స్ లాంటివి. శిక్షణ ఇచ్చి, వడపోసి తీసుకుంటాయి. అయినా ప్రమాదం లేదని చెప్పను. 2005లో బాగ్దాద్‌లో పీస్‌మేకర్ టీమ్స్ తరఫున వెళ్ళిన నలుగురిని ఎత్తుకుపోతే, వాళ్ళలో టామ్ ఫాక్స్‌ను చంపేశారు. అమ్మాయికి ఇది ఇప్పుడే తెలియడం మంచిది. ఈ ప్రమాదాలకన్నా నాకు ఎక్కువ భయం ఏజెంట్లంటే. శాంతి సంస్థలో ఉద్యోగమని చెప్పి రిజిస్ట్రేషన్ ఫీజు అడిగినా, టూరిస్టు వీసా మీద వెళ్ళిపోవచ్చన్నా అక్కడితో మాట ఆపేయండి.

ఈలోగా అమ్మాయికి నేనొక పని ఇస్తున్నాను. కాకినాడలో ఒక రోజు సమావేశం తనే జరపాలి. ముప్పై మంది చాలు, మూడు మతాల వాళ్ళూ ఉండాలి. హాలు, మైకు, భోజనాలు, లెక్కలు అన్నీ తనే చూసుకోవాలి. మీరు చెయ్యి పెట్టొద్దు. అయ్యాక ఇంగ్లిష్‌లో రెండు పేజీల రిపోర్టు రాసి నాకు పంపమనండి. ఎన్ని భోజనాలు మిగిలాయో, వాటిని ఏం చేసిందో కూడా అందులో ఉండాలి.