కాటన్‌వుడ్ ఆకుల మీద వెండి గీతలు: రఘుకి ఉత్తరం

చిరంజీవి రఘుకి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. మీ పెరట్లో కాటన్‌వుడ్ చెట్టుకి పట్టింది తెగులు కాదు, పాముపొడ, అంటే ఆకు పొరలో దూరి గీతలు గీస్తూ తినే పురుగు. మన గూడూరు నిమ్మతోటల్లో లేత చిగుళ్ల మీద కనిపించేదానికి దగ్గర చుట్టమే. శాస్త్రీయ నామాల్లో చెప్పాలంటే నిమ్మది ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా, మీ సియాటిల్ వైపుది ఫిల్లోక్నిస్టిస్ పాపులియెల్లా. అలాగని నిమ్మకి కొట్టినట్టు మందు కొట్టకు. నిమ్మలో చిగురు వేసినప్పుడల్లా కొత్త తరం లేస్తుంది. దీనికి ఏడాదికి ఒక్క తరమే.

ముందు ఒక ఆకు కోసి వెలుతురుకి పట్టి చూడు. గీత సన్నగా మొదలై, వంకర్లు తిరుగుతూ వెడల్పవుతుంది. మధ్యలో నల్లటి చార పురుగు రెట్ట. గీత ఆగినచోట ఆకు అంచు చిన్నగా మడతపడి ఉంటుంది, విప్పు. ఖాళీ గూడు ఉంటే పురుగు రెక్కలొచ్చి ఎగిరిపోయినట్టే; ఇక ఈ ఏడాది ఏ మందైనా దండగ. గీతలు కాక నల్లగా కమిలిన మచ్చలుంటే అది వేరే పెంకుపురుగు పని కావచ్చు, అప్పుడు మళ్లీ ఫొటో పంపు.

లోపలున్నప్పుడు మాత్రం పిచికారీ ఏం చేస్తుంది? పురుగు ఆకు పైపొర చాటున ఉంటుంది, మందు దానికి తగలదు. దాన్ని చంపే బుల్లి కందిరీగలే చస్తాయి. కాండంలోకి ఎక్కించే మందు పనిచేస్తుంది, కానీ వసంతంలో ఆకు విచ్చేసరికే చెట్టంతా పాకి ఉండాలి. ఇప్పుడు జూలైలో ఎక్కిస్తానని కొటేషన్ ఇచ్చినాయనకి దండం పెట్టి పంపించెయ్.

రాలిన ఆకులు ఊడ్చి పారేస్తే పోతుందా అన్నావు. పోదు. చలికాలం రెక్కల పురుగులు ఆకుల్లో ఉండవు, స్ప్రూస్ లాంటి సూదాకు చెట్ల బెరడు పెచ్చుల కింద దాక్కుంటాయి.

చెట్టు చచ్చిపోతుందని అమ్మాయి టెన్షన్ పడుతోందట. బలంగా ఉన్న చెట్టు ఒక ఏడాది పొడకి చావదు. వరసగా ఏళ్ల తరబడి పడితే ఎదుగుదల తగ్గుతుంది. అలాస్కాలో ఆస్పెన్ (కాటన్‌వుడ్‌కి చుట్టమైన చెట్టు) అడవుల్లో అదే జరిగింది. అందుకే ఖర్చు నీళ్ల మీద పెట్టు. కాటన్‌వుడ్ ఏటిగట్టు చెట్టు, మీకేమో ఎండాకాలంలోనే వానలుండవు. చెట్టు మొదలు దగ్గర కాదు, కొమ్మల చివర్ల కింద పైపు సన్నగా వదిలి నేల లోతుగా తడవనివ్వు. లాన్‌కి వేసే కలుపుమందు వేళ్ల మీద పడనివ్వకు.

పైకొమ్మలు ఎండుతుంటే మాత్రం ఆర్బరిస్ట్‌ని, అంటే చెట్ల నిపుణుణ్ణి పిలువు. ఈ జాతి కొమ్మలు చెప్పాపెట్టకుండా విరిగి పడతాయి. మూడో ఫొటోలో మీ కప్పు మీదికి వాలిన కొమ్మ ఉంది చూడు, నాకు పురుగు కంటే దానితోనే భయం.

మీ పెదనాన్న