మగ్గాల పనిని చూపించే ఉచిత ఉత్సవాన్ని దేనితో మొదలుపెట్టాలి?

నగరి ప్రాంతపు మగ్గాల పనిని ఊరివాళ్లకూ పిల్లలకూ చూపించేందుకు స్వచ్ఛంద కార్యకర్తలే కలిసి ఒకరోజు ఉచిత ఉత్సవం జరపాలనుకుంటున్నామని, వేదిక, ముఖ్య అతిథులు, ప్రచారం వీటిలో దేనితో మొదలుపెట్టాలో చెప్పమని అడిగారు. శ్రీకాళహస్తిలో కలంకారీ (గుడ్డ మీద కలంతో బొమ్మలు గీసి రంగులద్దే కళ) పనివారితో కలిసి ఇటువంటి ఉత్సవం నడిపే బృందంలో కొన్నేళ్లుగా ఉన్నాను కనుక అక్కడ తెలుసుకున్నది రాస్తున్నాను. ఆ మూడింటిలో దేనితోనూ మొదలుపెట్టవద్దు. ఆ రోజు జనం ఎదుట పనిచేసి చూపించేవారికి ఇవ్వవలసిన కూలి ఎంతో లెక్కగట్టి, ఆ మొత్తం చేతికి వచ్చిన తరువాతే తేదీ ప్రకటించండి.

ప్రవేశం ఉచితం కాబట్టి పనివాళ్లు కూడా ఊరి మీద అభిమానంతో ఊరికే వస్తారని నిర్వాహకులు తరచూ అనుకుంటారు. కలంకారీలో చాలామందికి చేసిన పనిని బట్టే కూలి. అడిగినవారందరికీ సమాధానం చెబుతూ కలం పట్టుకుంటే ఆ రోజు పని సగం కూడా సాగదు. మా దగ్గర బొమ్మ గీసేవారితోపాటు రంగులు నింపే ఆడవాళ్లకు, గుడ్డ ఉతికి ఆరబెట్టేవారికి కూడా కూలి ఇస్తాం, అందరి పేర్లూ ఫలకం మీద రాస్తాం. కలంకారీ అనగానే 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్పశెట్టి గారు గుర్తుకు రావడం న్యాయమే, కానీ నీళ్లలో నిలబడి గుడ్డ జాడించే మనిషి పేరు ఎవరూ అడగరు, అడిగేలా చేయడం మన పని. భోజనాలు, షామియానా, మజ్జిగ వంటివి దుకాణదారులు వస్తురూపంలో సంతోషంగానే ఇస్తారు కనుక వసూలైన నగదును కూలికే ఉంచి, లెక్కలు అందరికీ కనబడేలా అతికించండి.

పనిని ఎలా చూపించాలన్నదే అసలు కష్టం. కలంకారీ గుడ్డ ఒక్కరోజులో పూర్తయ్యేది కాదు. ముందు కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో గుడ్డను తడిపి ఆరబెట్టాలి. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు. చింతబరికెలను కాల్చిన బొగ్గుతో బొమ్మ వేసుకుని, తుప్పుపట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి తీసిన ద్రవంతో గీస్తే, అది కరక్కాయ వగరుతో కలిసి నల్లబడుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక నీరు పూసి, ఉతికి, రంగునిచ్చే చెక్కలతో ఉడికించాలి. మధ్యమధ్య పారే నీటిలో ఉతకాలి, ఎండలో ఆరాలి. ఇదంతా ఒక పూటలో ఎవరికీ చూపించలేం కాబట్టి, ఒకే బొమ్మను వేర్వేరు దశల్లో ఆపిన గుడ్డలను వరుసగా కట్టి, ఒక్కొక్కదాని దగ్గర ఆ పని చేసే మనిషిని కూర్చోబెడతాం. వెలిసినట్టుండే గీత కళ్లముందే నల్లబడుతున్నప్పుడు పిల్లలు అక్కడినుంచి కదలరు, ఏ ఉపన్యాసమూ వాళ్లను అలా నిలబెట్టలేదు.

మీకూ ఇదే పద్ధతి పనికి వస్తుంది: నూలును కండెలకు చుట్టడం, దాన్ని వరుసలుగా సాగదీసే ఆసు పోయడం, కొత్త పోగులను పాతవాటికి కలిపే అచ్చు అతకడం, నేత, అన్నీ విడివిడిగా, వరుసగా కనిపించాలి. నేలలో గుంత తవ్వి అమర్చే గుంత మగ్గాన్ని మైదానంలోకి తేలేరు, కాబట్టి ఇంటివాళ్ల ఒప్పుదలతో జనాన్నే చిన్న జట్లుగా నేతగాడి ఇంటికి తీసుకువెళ్లండి. పడుగును (గుడ్డలో పొడవునా ఉండే దారాలను) వీధిలో సాగదీసి గంజి పెట్టే పనికి పొడి వాతావరణం, ఉదయపు వేళ కావాలి కనుక ఈశాన్య రుతుపవనాలు తగ్గాక, సంక్రాంతి దాటిన తరువాత ఒక ఆదివారం చూసుకోండి. ఆగస్టు 7 జాతీయ చేనేత దినం బాగుంటుందని ఎవరైనా అంటారు గానీ, ఆ రోజు సంఘాల వాళ్లకు అధికారిక కార్యక్రమాలు ఉంటాయి, పైగా ఆ దరిదాపుల్లోనే వచ్చే ఆడికృత్తిక (మురుగన్ పండుగ) రోజుల్లో తిరుత్తణి దారి రద్దీగా ఉంటుంది. పురపాలక సంఘం, పోలీసు, విద్యుత్ శాఖ అనుమతులకు నెల ముందే దరఖాస్తు ఇస్తే చాలు.

కార్యకర్తల్లో ఎక్కువమందిని పనివారి పక్కనే నిలబెట్టండి. వచ్చినవారి ప్రశ్నలకు వాళ్లే జవాబిస్తే పనిచేసేవారి చేయి ఆగదు. అందుకు కార్యకర్తలు ముందే ఆ ఇళ్లకు వెళ్లి పని చూసి, పేర్లు నేర్చుకోవాలి. మీది తమిళనాడు సరిహద్దు ప్రాంతం కనుక తమిళం కూడా మాట్లాడగలవారు ఉండటం అవసరం. ప్రారంభం అందరిలోకీ పెద్ద వయసు పనివారితో చేయించండి; ఒక ఏడాది మా ప్రారంభ సభే మధ్యాహ్నం దాకా సాగడంతో ఎండ ఉన్న సమయమంతా కుర్చీల దగ్గరే గడిచిపోయింది.

చేనేతను, కరెంటుతో నడిచే మరమగ్గాన్ని ఒకే చోట పెట్టవచ్చా అన్న ప్రశ్న మీ దగ్గర తప్పక వస్తుంది. కొన్ని రకాల వస్త్రాలను చేనేతకే కేటాయిస్తూ 1985లో కేంద్రం చట్టం చేసింది, ఆ రకాలను మరమగ్గాల మీద నేస్తున్నారన్న వివాదం నేతగాళ్లకు కూటికి సంబంధించినది. అయినా రెండింటినీ చూపించడమే సరైనదని నా అభిప్రాయం, ఎందుకంటే మీ ఊరి పని చరిత్రలో మరమగ్గం కూడా ఉంది. అచ్చు వేసిన గుడ్డ కలంకారీ పేరుతో అమ్ముడుపోవడం చూసి బాధపడ్డవాళ్లం కాబట్టి మా దగ్గర ప్రతి గుడ్డకూ కలంతో గీసిందో కాదో రాసిన చీటీ కడతాం. మీరూ ఏ మగ్గం మీద నేసిందో, ఎవరు నేశారో రాసి కట్టండి, అమ్మకం సొమ్ములో వాటా తీసుకోకుండా నేసినవారికే ఇవ్వండి.