అమ్మలూ, క్యాలెండర్‌లో తిథి చూసి కయాక్ ఎక్కు

అమ్మలూ,

జనవరిలో నువ్వూ నీ స్నేహితురాలూ వచ్చి, గైడ్ ఎవరూ లేకుండా కయాక్, అదే తెడ్డుతో నడిపే సన్న పడవ, అద్దెకి తీసుకుని కోరింగ మడ అడవిలో తిరుగుతామని చెప్పినప్పటి నుంచి నాకు అదే ఆలోచన. మీ అమ్మ అప్పుడే రెండుసార్లు ఫోన్ చేసింది, నిన్ను ఎలాగైనా ఆపమని. నేను ఆపను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఈ కాలవల్లో నాటు పడవల మీద తిరిగాను, రిటైరయ్యాక కయాక్ కూడా నేర్చుకున్నాను. మోటారు చప్పుడు లేకుండా మడ చెట్ల మధ్యకి వెళ్తే కనిపించేది వేరు, వినిపించేది వేరు. అది నువ్వు చూడాలి. కాకపోతే ఏ రోజు వెళ్లాలి, ఎన్ని గంటలకి వెళ్లాలి అన్నది మాత్రం నా మాట విను.

ఆదివారం పొద్దున్న పది గంటలకి బుక్ చేశానన్నావు. నేను గోడ మీది క్యాలెండర్ చూశాను. శనివారం అమావాస్య, ఆదివారం పాడ్యమి. అంటే నువ్వు పడవ ఎక్కే వేళకి పోటు (సముద్రపు నీళ్లు ఎక్కడం) నిండి, పాటు (దిగడం) మొదలవుతూ ఉంటుంది. మీరున్న మూడు గంటలూ నీళ్లు దిగుతూనే ఉంటాయి, అదీ అమావాస్య దగ్గరి పాటు, బాగా లాగుతుంది. ఆ టైమ్ మార్చుకో.

ఎందుకో చెబుతాను. మన తీరంలో నీళ్లు రోజుకి రెండుసార్లు ఎక్కుతాయి, రెండుసార్లు దిగుతాయి. ఎక్కడానికి ఆరు గంటల పైచిలుకు, దిగడానికీ అంతే. ప్రతిరోజూ ముందు రోజు కంటే ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది పోటు. అమావాస్యకీ పౌర్ణమికీ కాకినాడ తీరంలో పోటు నిండేది పొద్దున్న సుమారు తొమ్మిది ప్రాంతంలో. దానికి రోజుకి 50 నిమిషాల చొప్పున కలుపుకుంటూ పో, చవితి పంచమి వచ్చేసరికి తెల్లవారుజామున ఆరు ప్రాంతంలో పూర్తి పాటు, మధ్యాహ్నానికి నిండు పోటు అవుతుంది. కాలవల లోపలికి వెళ్లేకొద్దీ ఇది ఇంకాస్త ఆలస్యంగా అందుతుంది. పైగా అమావాస్య, పౌర్ణమిలకి నీళ్లు ఎక్కువ ఎత్తుకి ఎక్కి ఎక్కువ కిందికి దిగుతాయి, అందుకే ఆ రోజుల్లో నీటి వడి ఎక్కువ. అష్టమికి బాగా నెమ్మదిస్తుంది. చవితి పంచమి మధ్యరకం. అప్పుడు పొద్దుట పూట అంతా నీళ్లు ఎక్కుతూ ఉంటాయి, ఎండ ముదరక ముందే పని అయిపోతుంది. శుక్లపక్షమైనా బహుళపక్షమైనా ఒకటే లెక్క. వేటకి వెళ్లేవాళ్లు ఇప్పటికీ తిథులతోనే మాట్లాడుకుంటారు. ఇది ఉజ్జాయింపు లెక్క కాబట్టి ఫోన్లో కాకినాడ పోర్టు టైడ్ టేబుల్ కూడా పక్కన పెట్టుకుని చూడు.

నీళ్లు ఎక్కుతున్నప్పుడు ఎక్కడైనా ఇరుక్కుంటే పది నిమిషాలు ఓపిక పడితే పడవ తనే తేలుతుంది. దిగుతున్నప్పుడు ఇరుక్కుంటే మళ్లీ పోటు వచ్చేదాకా అక్కడే. ఇది నేను అనుభవించి చెబుతున్న మాట. నాకు ఇరవై ఆరేళ్లప్పుడు, నేనూ ఒక స్నేహితుడూ అమావాస్య నాడు భోజనం చేసి చిన్న దోనె వేసుకుని బయల్దేరాం. ఒక సన్న కాలవలోకి నీటికుక్కలు నాలుగు దూరడం చూసి వాటి వెనకే వెళ్లాం. అప్పటికి మా కింద మూరెడు నీళ్లున్నాయి. అవి ఒడ్డెక్కి చేప తింటుంటే చూస్తూ కూర్చున్నాం, ఎంతసేపో తెలియలేదు. వెనక్కి తిరిగేసరికి దోనె అడుగు బురదకి తగిలింది. నెడదామని వాడు దిగాడు. తొడ దాకా కూరుకుపోయాడు. ఒక చెప్పు బురదలోనే పోయింది, ఆల్చిప్ప గీరుకుని పాదం చీరింది. వాణ్ణి పైకి లాగడానికే నాకు అరగంట పట్టింది. మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి చీకటి పడే వేళ దాకా అక్కడే ఉన్నాం, ఇద్దరికీ కలిపి ఒక్క సీసా నీళ్లు. చుట్టూ నీళ్లు పూర్తిగా పోయాక బురదంతా పీతలు బయటికొచ్చాయి, ఒక్కో దానికీ ఒక డెక్క ఒంటి కంటే పెద్దది, ఎర్రగా. వాటిని చూసి ముచ్చట పడే స్థితిలో లేం. పడవ తేలేసరికి దోమలు ముసిరాయి, దారి కనబడలేదు.

అందుకని, ఎప్పుడైనా అడుగు తగిలితే పడవ దిగకు. తెడ్డు బురదలో గుచ్చి వెనక్కి నెట్టి చూడు, ఒంటిని అటూ ఇటూ ఊపి చూడు. కదలకపోతే కూర్చో. పడవే నీకు గట్టి నేల. ఒకవేళ పొరపాటున దిగి కూరుకుపోతే నిలబడి కాళ్లు పీకొద్దు, పడవ మీదకి పడుకున్నట్టు వాలి ఒక్కో కాలూ నెమ్మదిగా లాక్కో.

ఇక ఎటు వెళ్లాలి. కయాక్ ఇచ్చే రేవు రోడ్డు వైపే ఉంటుంది కాబట్టి నువ్వు సముద్రం వైపు బయల్దేరతావు. పోటు ఎక్కుతుంటే అది నీకు ఎదురు. మంచిదే, ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే ఎదురీత అయిపోతుంది, తిరిగొచ్చేటప్పుడు నీళ్లే తోస్తాయి. నిలకడ నీళ్లలో కొత్తవాళ్లు గంటకి 4 కిలోమీటర్లు పోగలరు, ఎదురు నీళ్లలో అందులో సగం అనుకో. మూడు గంటలకి తీసుకుంటే గంటా పావు అయ్యాక, ఎంత బాగున్నా సరే, వెనక్కి తిప్పేయి. గోదావరి గౌతమి పాయలోకి, అది సముద్రంలో కలిసే మొగ వైపుకి వెళ్లకు. ఫొటోల్లో చూసి కాకినాడ ఎదురుగా సముద్రంలో ఉన్న హోప్ ఐలాండ్ దీవి దాకా పోదామని మీ ఇద్దరికీ అనిపిస్తుందేమో, అది కయాక్‌తో కొత్తవాళ్లు దాటే నీళ్లు కాదు. పైగా జనవరి నుంచి అక్కడి ఇసుకలో తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం, వాటి జోలికి మనం పోకూడదు. పదకొండు దాటాక సముద్రం మీది గాలి లేస్తుంది. గాలి లేచేసరికి మీరు రేవులో ఉండాలి.

కోరింగ అభయారణ్యం, అమ్మలూ, 1978 నుంచీ. అడవి శాఖ అనుమతి లేకుండా లోపలికి వెళ్లకూడదు. సొంతంగా తిరగనిస్తామని ఎవరన్నా అంటే ఏ కాలవ దాకా అనుమతి ఉందో అడుగు, కాయితం చూపించమను. మొహమాట పడకు. అక్కడ మీ ఇద్దరినే వదలరు, మనిషి వెంట ఉండాల్సిందే అంటే సంతోషంగా ఒప్పుకో. ఆ మనిషి ఎవరో మన జాలరి కుర్రాడే అయి ఉంటాడు, నీకు నాకంటే ఎక్కువ చూపిస్తాడు.

పడవ చూసుకోవడం గురించి. మీ ఇద్దరికీ మొదటిసారి కాబట్టి లోపల కాళ్లు పెట్టుకునే రకం వద్దు, పైన కూర్చునే రకం తీసుకోండి. తిరగబడ్డా నీళ్లు నిండవు, మళ్లీ ఎక్కడం సులువు. ఒకే పడవలో ఇద్దరూ వెళ్తే బరువు తక్కువున్న మనిషి ముందు కూర్చోవాలి. వెనక మనిషి ముందు మనిషి తెడ్డు వేసే లయని పట్టుకోవాలి, మలుపులు వెనక మనిషి చూసుకోవాలి. వెనక చివర కింద చిన్న బిరడా ఉంటుంది, డ్రెయిన్ ప్లగ్. దాన్ని నీ చేత్తో తిప్పి చూడు. ఒకచోట నాకు ఆ బిరడా లేకుండానే ఇచ్చేశారు. ఇరవై నిమిషాల తర్వాత వెనక భాగం బరువెక్కి మునుగుతుంటే గానీ నాకు తెలియలేదు. పడవని ఒక పక్క ఎత్తి ఊపు, లోపల నీళ్లు గళగళమంటే వేరేది అడుగు.

లైఫ్ జాకెట్ వేసుకుని బకిల్స్ అన్నీ పెట్టాక, నీ స్నేహితురాల్ని భుజాల దగ్గర పట్టుకుని గట్టిగా పైకి లాగమను. చెవుల దాకా వస్తే అది నీ సైజు కాదు. నొక్కి చూడు, లోపల స్పాంజి పొడి పొడిగా అయిపోయి ఉంటే తీసుకోకు. దానికి విజిల్ ఉండాలి. ఎండగా ఉందని మధ్యలో విప్పేయకు. నీకు ఈత వచ్చు, తెలుసు. స్విమ్మింగ్ పూల్‌లో ఈత వేరు, బురద నీళ్లలో మడ చెట్ల వేళ్ల మధ్య ఈత వేరు.

బయల్దేరే ముందు రేవు పక్కన గట్టి నేల ఉన్నచోట, నడుము లోతులో, ఒకసారి కావాలని పడి మళ్లీ ఎక్కి చూడండి. పడవ మధ్య భాగం దగ్గరికి వచ్చి, రెండు చేతులూ పైన వేసి, కాళ్లు కొట్టుకుంటూ బోర్లా పడుకున్నట్టు పైకి పాకాలి, తర్వాత తిరిగి కూర్చోవాలి. బట్టలు తడుస్తాయని సిగ్గుపడొద్దు. ఇది రాకపోతే రేవు కనబడేంత దూరంలోనే తిరిగి వచ్చేయండి. ఈ ఒక్క విషయంలో నాకు మాట ఇవ్వు.

కాలవల్లో దారి తప్పడం అందరూ అనుకునే దానికంటే తేలిక. మడ చెట్లు ఏ మలుపు దగ్గర చూసినా ఒకేలా ఉంటాయి. రెండు కాలవలు కలిసే ప్రతిచోటా ఆగి, మెడ వెనక్కి తిప్పి చూడు. తిరిగొచ్చేటప్పుడు నీకు కనబడేది ఆ బొమ్మే. వంగిన చెట్టో, పాతిన కర్రో, ఏదో ఒకటి మనసులో పెట్టుకో. ఫోన్లో మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుని రేవు దగ్గర గుర్తు పెట్టుకో, లోపల సిగ్నల్ ఉండకపోవచ్చు. ఇంకోటి, నీళ్లు ఎటు పోతున్నాయో అనుమానం వస్తే తేలుతున్న ఎండుటాకు చూడు. మడ చెట్ల వేళ్ల మీద తడి గీత నీటికి పైన కనబడుతూ ఉంటే నీళ్లు దిగుతున్నాయని. నువ్వు అనుకున్న లెక్కకి అది వ్యతిరేకంగా ఉంటే లెక్కని నమ్మకు, నీళ్లని నమ్ము. వెంటనే బయటికి వచ్చేయి.

తిల్ల చెట్టు గురించి ప్రత్యేకంగా రాస్తున్నాను. మడ అడవిలో కొన్ని చెట్లకి ఆకులు రాలే ముందు ఎర్రగా, నారింజ రంగులో మెరుస్తుంటాయి. చూడగానే చెయ్యి పెట్టి కొమ్మ వంచి ఫొటో తీసుకోవాలనిపిస్తుంది. అదే తిల్ల. ఆకు తుంచితే తెల్లటి పాలు కారతాయి. అవి ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతాయి, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. కొమ్మల కింది నుంచి పోవాల్సి వస్తే కళ్లద్దాలు పెట్టుకుని, తెడ్డు అడ్డం పెట్టుకుని వంగి వెళ్లు. పొరపాటున చేతికి అంటితే మంచినీళ్లతో బాగా కడుక్కో, అప్పటిదాకా మొహం తుడుచుకోకు.

మిగతా చెట్లకి భయం లేదు, కానీ కొమ్మలు విరవకు. నా చిన్నప్పుడు మేం తెల్లమడ ఆకు కోసుకొచ్చి గేదెలకి వేసేవాళ్లం, వంటచెరుకుకీ అదే కొట్టేవాళ్లు. అప్పట్లో దాని విలువ మాకు తెలియదు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను చూసిన వాళ్లెవరూ మడ చెట్టు మీద ఊరికే చెయ్యి వేయరు. సముద్రం ఊరి మీదకి ఎలా వస్తుందో ఆ రాత్రి మన కోనసీమ చూసింది, వేల ఇళ్లు పోయాయి. అలకీ ఊరికీ మధ్య దట్టంగా నిలబడేది ఆ చెట్లే.

కాలవకి అడ్డంగా కర్రలు పాతి వలలు కట్టి ఉంటాయి, కొన్నిచోట్ల నీటి మీద బెండ్లు వరసగా తేలుతూ కనబడతాయి. వాటి మీదుగా పోకు, తెడ్డు తగిలిస్తే వల చిరుగుతుంది, అది ఒక ఇంటి కూడు. ఒడ్డున మనిషి ఉంటే "ఎటు నుంచి పోవాలి బాబాయ్" అని అడుగు, సందు చూపిస్తారు. మోటారు పడవ వస్తే పక్కకి తప్పుకుని, దాని అల వచ్చేటప్పుడు ముక్కు అల వైపు తిప్పు. అల పక్క నుంచి తగిలితేనే పడవ బోల్తా పడేది.

వెంట తీసుకెళ్లేవి: మనిషికి 3 లీటర్ల నీళ్లు, మూడు గంటలకే అయినా సరే. అరటిపళ్లు, పులిహోర మీ అత్తయ్య కట్టిస్తుంది. వెనక పట్టీ ఉన్న పాత బూట్లు వేసుకోండి, చెప్పులు వద్దు, మడ వేళ్లు మేకుల్లా పైకి లేచి ఉంటాయి. పూర్తి చేతుల చొక్కా, టోపీ, దోమల క్రీము, టార్చి. ఫోన్ నీళ్లు దూరని సంచిలో పెట్టి మెడలో వేసుకో, పడవకి కట్టకు. 112, కోస్ట్ గార్డ్ వాళ్ల 1554 రెండూ సేవ్ చేసుకో. డబ్బు కట్టే ముందు పడవకి ఉన్న గీతలన్నీ ఫొటో తీసుకో, తర్వాత డిపాజిట్ దగ్గర పేచీ ఉండదు.

బుధవారం చవితి, గురువారం పంచమి. గురువారానికి మార్చుకో, ఒక రోజు సెలవు ఎక్కువ పెట్టాల్సి వస్తే పెట్టు. ఎనిమిదికల్లా నీళ్లలో ఉండి పదకొండుకి తిరిగి రేవుకి రావాలి. బుధవారం రాత్రికే తాళ్లరేవు వచ్చేయండి, సాయంత్రం వంతెన మీద నిలబడి నీళ్లు ఎటు పోతున్నాయో నీకు చూపిస్తాను. గురువారం నేను రేవు దగ్గర మర్రిచెట్టు కింద కూర్చుంటాను, మీ వెంట రాను. పదకొండున్నరకి మీరు కనబడకపోతే మాత్రం తెలిసిన పడవ ఒకటి పంపిస్తాను, దానికి నువ్వు కోప్పడకూడదు.

మీ అమ్మతో నేను మాట్లాడతాను.

మీ మావయ్య