పాపిని అని ఒప్పుకోవడం అంటే మనల్ని మనం కించపరచుకోవడమా? నా అనుభవం చెప్తాను

మీరు అడిగింది ఏంటంటే, నేను ఎవర్నీ మోసం చెయ్యలేదు, ఎవరి జోలికీ పోను, మరి ప్రతి ఆదివారం చర్చిలో నేను పాపిని ప్రభువా అని ఎందుకు అనాలి, దేవుడి ముందు తగ్గించుకోవాలని తగ్గింపు తగ్గింపు అంటారు, అది మన ఆత్మగౌరవాన్ని మనమే తొక్కేసుకోవడం కాదా అని. ఇదే ప్రశ్న నాకూ వచ్చింది, అదీ నేను చర్చిలో డీకన్‌గా, అంటే సంఘం పనులు చూసే పెద్దగా ఉన్న రోజుల్లో. అందుకని ప్రసంగంలా కాకుండా నాకు జరిగింది రాస్తాను, కొంచెం పొడుగవుద్ది, ఓపిగ్గా చదవండి.

ముందు పాపం అన్న మాట గురించి. బైబిల్లో మొదటి భాగమైన పాత నిబంధన రాసిన హీబ్రూ భాషలో పాపం చెయ్యడానికి ఎక్కువగా వాడే క్రియకి అసలు అర్థం గురి తప్పడం. అందులోని న్యాయాధిపతుల గ్రంథం 20వ అధ్యాయంలో ఎడమచేతి వాటం వాళ్ళు 700 మంది ఉంటారు, తలవెంట్రుక మీదకి కూడా గురి తప్పకుండా వడిసెల రాయి విసిరేవాళ్ళని ఉంటుంది, అక్కడ తప్పకుండా అన్నచోట ఉన్నది ఇదే క్రియ. ఇది తెలిసిన రోజు మా నాన్న గుర్తొచ్చాడు. జొన్నచేలో మంచె మీద నిలబడి వడిసెల తిప్పితే పిట్టలన్నీ గుంపుగా లేచిపోయేవి, నేను తిప్పితే రాయి పక్కవాళ్ళ చేలో పడేది. రాయిలో లోపం లేదు, నా చేతిలో బలం లేకా కాదు, అది పోవాల్సిన వైపు పోలేదు అంతే. మనం పాపం అనగానే హత్య, దొంగతనం, తాగుడు అని ఒక లిస్టు వేసుకుని అందులో మనం చేసినవి ఏమీ లేవని తేల్చుకుంటాం. ఇన్నేళ్ళూ నా బతుకు ఎటువైపు పోతోంది అని మాత్రం మనల్ని మనం అడగం. నేనూ అడగలేదు.

మాది ఒంగోలు దగ్గర పల్లె, తరాలుగా బాప్టిస్టు క్రైస్తవులం. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మం ఇచ్చారు కదా, ఆ మాట మా ఇళ్ళల్లో చిన్నప్పట్నుంచీ చెప్తారు. అందులో నాకు బాగా నచ్చేది ఆ సంఖ్య కాదు. అంతకుముందు పెద్ద కరువొస్తే ఒంగోలులో పనిచేసిన అమెరికన్ మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు, కానీ కరువు పనులు నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం వచ్చామని ఎవరూ అనుకోకూడదని, దేవుడి కోసమే రావాలని. ఈ కథ నేను సండే స్కూల్ పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. నేను దేనికోసం వస్తున్నానో మాత్రం చూసుకోలేదు.

ఇప్పుడు అసలు విషయం. 2011లో నాన్న పోయాక పొలం అమ్మాం. అమ్మ ఆపరేషన్ ఖర్చు అందులోంచి తీసేసి మిగతాది నేనూ తమ్ముడూ చెరిసగం అనుకున్నాం. హాస్పిటల్ బిల్లు లక్షా 90 వేలు అయితే నేను తమ్ముడికి 3 లక్షల 50 వేలు అయిందని చెప్పాను. అంటే వాడికి రావాల్సిన 80 వేలు నా దగ్గర ఉండిపోయినయ్. ఆరోజు నాకు అది దొంగతనం అనిపించలేదండీ, నిజంగా అనిపించలేదు, అమ్మని చూసుకుంది నేను, హాస్పిటల్ చుట్టూ తిరిగింది నేను, సెలవులు పెట్టింది నేను, ఇది నాకు న్యాయమే అనుకున్నా. కొన్నాళ్ళకి వాడు ఒకసారి బిల్లు చూపించు అన్నా అన్నాడు. నేను మండిపోయా, డీకన్‌ని పట్టుకుని లెక్కలు అడుగుతావా అన్నా. అప్పట్నుంచి మాటల్లేవు. 2014లో అమ్మ పోతే సమాధి దగ్గర కూడా చెరోవైపు నిలబడ్డాం. ఈ ఏళ్ళన్నీ నేను చర్చికి దశమభాగం, అంటే సంపాదనలో పదోవంతు ఇస్తూనే ఉన్నా, ప్రార్థన నడిపిస్తూనే ఉన్నా. లూకా సువార్త 18లో యేసు చెప్పిన కథలో తన భక్తి గురించి గొప్పగా చెప్పుకునే పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్రం కచ్చితంగా పాటించే యూదుడు, దేవుడికి చెప్పుకున్నదాంట్లో అబద్ధం ఉన్నట్టు ఎక్కడా లేదు, చూడండి, వాడు నిజంగానే వారానికి రెండుసార్లు ఉపవాసం ఉండేవాడే. నావీ అన్నీ నిజాలే, ఆ 80 వేలు తప్ప.

2016లో మనసు ఆగక ఫోన్ చేశా. ఏమన్నానంటే, తెలిసో తెలియకో నా వల్ల ఏదన్నా తప్పు జరిగుంటే క్షమించరా అన్నా. వాడు సరేలే అన్నా అని పెట్టేశాడు. నేనైతే తగ్గించుకున్నాను కదా, వాడే మెత్తబడలేదు అని ఇంట్లో చెప్పుకున్నా.

తర్వాత ఏడాది ఒక ఉపవాస కూడికలో సౌలునీ దావీదునీ పక్కపక్కన పెట్టి వాక్యం చెప్పారు. ఇద్దరు రాజులూ ప్రవక్త నిలదీసినప్పుడు ఒకటే మాట అంటారు, నేను పాపము చేసితిని అని. మనిషి లెక్కలో చూస్తే దావీదు చేసిందే ఘోరం, ఊరియా భార్యని తీసుకుని ఊరియాని చంపించాడు, సౌలు దేవుడు చంపెయ్యమన్న శత్రువుల గొర్రెల్నీ ఎడ్లనీ మిగిల్చాడు. కానీ సౌలు ఆ మాట అన్న వెంటనే ప్రవక్త సమూయేలుతో ఏమంటాడంటే, అయినా సరే జనుల పెద్దల ముందు నన్ను ఘనపరచు అంటాడు. పరువు మాత్రం పోకుండా చూడు అని. దావీదు ఆ మాట దగ్గరే ఆగిపోతాడు, ఇంకేమీ అడగడు. నా ఫోన్ కాల్ మొత్తం నాకు అక్కడ కూర్చునే వినపడింది. తెలిసో తెలియకో, జరిగుంటే. అవి సౌలు మాటలు.

ఆత్మగౌరవం అన్నారు కదా, దానికి మా తాత మాట ఒకటి చెప్పాలి. ఊళ్ళో పెద్దోళ్ళ వీధిలో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిన తరం ఆయనది. చర్చి బడిలో చదువు నేర్చాక ఆయన చెప్పులేసుకునే నడిచాడు, దెబ్బలు కూడా తిన్నాడు. ఆయన అనేవాడు, మనుషుల ముందు వంగమని దేవుడు చెప్పలా, ఆయన ముందు మోకాళ్ళేసినోడు ఇంకెవరి ముందూ వెయ్యాల్సిన పన్లేదు అని. కాబట్టి నీ పుట్టుక తక్కువ, నువ్వు పనికిరావు అని మనకి మనం చెప్పుకోవడాన్ని తగ్గింపు అని ఎవరన్నా బోధిస్తే అది వినకండి, మా వాళ్ళకి ఆ మాట ఊరు తరతరాలుగా చెప్తూనే ఉంది, దానికి దేవుడు అక్కర్లేదు. నేను దాచుకున్నదాన్ని ఉన్నది ఉన్నట్టు ఆయన ముందు పెట్టడం, నా పేరు నిలబెట్టమని ఆయన్ని అడక్కుండా ఉండటం, నాకు అర్థమైన తగ్గింపు ఇంతే.

ఆ వారమే ఊరెళ్ళా. 80 వేలకి వడ్డీ కలిపి లక్షా 30 వేలు, అన్నీ 500 నోట్లు, హాస్పిటల్ బిల్లు కూడా తీసుకెళ్ళి వాడి ముందు పెట్టి, నీకు అబద్ధం చెప్పానురా అని చెప్పా. ఏడుస్తాడనో కౌగిలించుకుంటాడనో దారి పొడుగునా అనుకున్నా. వాడేం అనలేదు. బిల్లు చదివాడు. తర్వాత కట్టలు విప్పి, వేలు తడి చేసుకుని, నా ముందే ఒక్కో నోటూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. 260 నోట్లు. నాకు ఒళ్ళంతా మండింది, తిరిగిచ్చినోడి ముందు లెక్కపెడతావా అని నోటిదాకా వచ్చింది, ఆరేళ్ళ కిందట అన్న మాటే మళ్ళీ. ప్రభువా కూర్చోబెట్టు అని లోపల అనుకుంటా అలాగే కూర్చున్నా, లెక్క అయ్యేదాకా. నా జీవితంలో అంత నిజంగా ప్రార్థన చేసింది ఆ పది నిమిషాలే అనుకుంటా.

అయ్యాక వాడు ఒక్కటే అడిగాడు, అమ్మకి తెలుసా అన్నా అని. తెలీదన్నా. మరదలు వచ్చి అన్నం పెట్టాను లేవండి బావగారూ అంది.

వాడితో ఇప్పటికీ పూర్తిగా మునుపటిలా లేదు, క్రిస్మస్‌కి వస్తాడు, పిల్లలు కలుస్తారు. డీకన్ పని నేనే మానుకున్నా, పాస్టర్ గారికి కారణం చెప్పి. ఆ తర్వాత నెల మొదటి ఆదివారం యేసుని తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గర కళ్ళు మూసుకుని నేను పాపిని అన్నప్పుడు, మొదటిసారి తమ్ముడి పేరుతో సహా, 80 వేలు అన్న అంకెతో సహా చెప్పాను.