ఆసుపత్రులే గీస్తానంటున్న అమ్మాయి

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. మొన్న వేసవిలో మా అమ్మకు తుంటి ఎముక విరిగితే 18 రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. అప్పట్నుంచి బీటెక్ వద్దు, ఆర్కిటెక్చర్ చదివి ఆసుపత్రులు డిజైన్ చేస్తానని పట్టుబట్టింది. నోట్‌బుక్ నిండా వార్డుల బొమ్మలే. అసలు ఇలాంటి ఉద్యోగం ఉందా? తిండి పెడుతుందా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: పెడుతుందండీ. కాకపోతే కాస్త ఆలస్యంగా వడ్డిస్తుంది. బీటెక్ నాలుగేళ్లు, ఆర్కిటెక్చర్ డిగ్రీ బీఆర్క్ ఐదేళ్లు. బయటికొచ్చాక మొదటి మూడు నాలుగేళ్లు, సాఫ్ట్‌వేర్‌లో చేరిన పక్కింటి కుర్రాడి జీతం వింటే మీకు దిగులేస్తుంది. అది తెలిసే దిగండి.

ఇక ఆ నోట్‌బుక్. బొమ్మలు ఎంత బాగున్నాయో చూడకండి, ఏం గమనించి వేసిందో చూడండి. రాత్రి మీరు ఎక్కడ పడుకున్నారు, క్యారేజీ ఎక్కడ పెట్టుకున్నారు, మీ అమ్మగారి మంచం నుంచి బాత్రూమ్ ఎంత దూరం... ఇలాంటివి అందులో ఉంటే తన చదువు ఈపాటికే మొదలైనట్టు.

ఆపరేషన్ థియేటర్ ఎలా ఉండాలో ప్రమాణాలున్నాయి, చెప్పేవాళ్లున్నారు. ఆ గుమ్మంలోకి ఎవరొస్తారో, ఎలా వస్తారో చెప్పే పుస్తకం మాత్రం దొరకదు. ఒకసారి ఒక ఆసుపత్రిలో బాలింత మంచం సరిగ్గా ఏసీ కింద వేశారు. బాలింతకు చల్లగాలి తగలకూడదని వాళ్ల అమ్మమ్మ పాత చీరముక్క తెచ్చి ఏసీ మూతికి కుక్కేసింది. అప్పుడు నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక అనిపించింది, తప్పు ఆవిడది కాదు, మంచం అక్కడ గీసినవాళ్లదని.

మన వన్‌టౌన్‌లో విక్టోరియా ఆసుపత్రిని ఇప్పటికీ ఘోషాసుపత్రి అనే అంటాం కదా. ఘోషా అంటే పరదా. నలుగురిలోకి రాని ఆడవాళ్లు వైద్యానికి గడప దాటాలంటే వాళ్లకంటూ ఒక చోటుండాలని ఎవరో ఆలోచించారు. మీ అమ్మాయి చేస్తానంటున్నదీ అలాంటి పనే. ఇవాళ ఆ ప్రశ్న ఏజెన్సీ నుంచి వస్తోంది. పాడేరు, ముంచంగిపుట్టు వైపు నుంచి విశాఖకు వచ్చేవాళ్లలో ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్లుంటారు. గోడ మీద తెలుగు, ఇంగ్లీషు బోర్డులు ఎన్ని పెడితే వాళ్లకేం లాభం? నేల మీద రంగు గీత ఒకటి వేస్తే అది పట్టుకుని ఎక్స్‌రే గది దాకా వెళ్లిపోతారు. ఇక కొండ మీది ఊళ్లలో నొప్పులు మొదలయ్యాక డోలీ కట్టి దించేకంటే, నాలుగు రోజులు ముందే వచ్చి ఉండడం మేలు. కానీ గర్భిణితోపాటు అత్తో అమ్మో వస్తుంది, ఒక్కోసారి పెద్దపిల్ల కూడా. వాళ్లు ఎక్కడ వండుకోవాలి? మైదానంలో 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) అయితే, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20,000 మందికి ఒకటి ఉండాలని ప్రమాణం. సంఖ్య మార్చడం సులువే. నక్షా మార్చాలంటే మాత్రం ఎవరో ఒకరు అక్కడికెళ్లి నాలుగు రోజులు కూర్చోవాలి.

ఇదంతా సెంటిమెంట్ అనుకుంటారేమో. పిత్తాశయం ఆపరేషన్ అయిన రోగుల్లో కిటికీలోంచి చెట్లు కనబడినవాళ్లు, ఇటుక గోడ కనబడినవాళ్లకంటే త్వరగా ఇంటికెళ్లారని, నొప్పికి బలమైన మందులు తక్కువ వాడారని రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు 1984లోనే చూపించాడు. రువాండాలో 2011లో తెరిచిన బుటారో ఆసుపత్రిని మాస్ డిజైన్ గ్రూప్ అనే ఆర్కిటెక్చర్ సంస్థ డిజైన్ చేసింది. మూసి ఉన్న వరండాల్లో జనం కిక్కిరిస్తే టీబీ అంటుకుంటుందని వరండాలనే బయటికి తెచ్చారు. చుట్టుపక్కల దొరికే అగ్నిపర్వతపు రాయితో, అక్కడి మేస్త్రీలతోనే కట్టించారు. అలాగని దాన్ని తెచ్చి భీమిలి రోడ్డులో పెడితే కుదరదు. మన ఉప్పుగాలికి ఇనుము ఎన్నాళ్లు నిలుస్తుందో, 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు అద్దాలేమయ్యాయో, కరెంటూ నీళ్లూ లేక ఎన్ని రోజులు గడిపామో ఈ ఊళ్లో పెరిగిన పిల్లకు వేరే చెప్పాలా?

దారి సంగతి. బీఆర్క్‌కు మ్యాథ్స్ కావాలి, మీ అమ్మాయికి ఉంది. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ పెట్టే నాటా ప్రవేశ పరీక్ష రాయించండి. విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ (ఎస్‌పీఏ) కోసం, ఎన్‌ఐటీల కోసం జేఈఈ మెయిన్ పేపర్-2 కూడా రాయాలి. విశాఖలోనే ఆంధ్రా యూనివర్సిటీలో, గీతంలో కోర్సుంది. ఎక్కడ చేరినా కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో ముందు చూసుకోండి. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్‌లో నమోదైతేనే ఆర్కిటెక్ట్ అని చెప్పుకోవచ్చు. ఇంటీరియర్ డిప్లొమాకు పెద్ద పేరు పెట్టి అమ్మేవాళ్లుంటారు, జాగ్రత్త.

ఆసుపత్రుల ప్రత్యేకత ఇప్పుడే వద్దు. ముందు ఇల్లు, బడి, బస్టాండు గీయడం రావాలి. ట్రైనింగ్ సెమిస్టర్‌కు ఆసుపత్రులు కట్టే సంస్థలో చేరి, చివరి ఏడాది థీసిస్‌కు ఏజెన్సీలో ఒక పీహెచ్‌సీ తీసుకుంటే చాలు. ఆ తర్వాతా ఇష్టం ఉంటే ఢిల్లీ జామియా మిలియాలో హెల్త్‌కేర్ ఆర్కిటెక్చర్‌లో పీజీ (ఎంఆర్క్) ఉంది. ఉద్యోగాలు హైదరాబాద్, బెంగళూరు, ఢిల్లీ సంస్థల్లో, పెద్ద ఆసుపత్రుల ప్రాజెక్ట్ విభాగాల్లో దొరుకుతాయి.

ఇంటర్ పరీక్షలయ్యాక ఒక వారం ఉదయం ఏడింటికల్లా ఏదైనా ప్రభుత్వాసుపత్రి ఓపీ దగ్గర కూర్చోమనండి. రోగుల ఫొటోలు తీయకూడదు, చూసి రాసుకోవాలి, అంతే. దానికంటే ముందు, ఆ 18 రోజుల్లో అన్నిటికన్నా ఇబ్బంది పెట్టిందేమిటని వాళ్ల నాన్నమ్మను అడగమనండి. మంచం ఎత్తు అంటారో, రాత్రంతా వెలిగే లైటంటారో! అదీ నోట్‌బుక్‌లోకి ఎక్కాలి.