ఎర్ర బండి గులాబీ రంగుకి తిరిగిందని పెయింట్ షాపుకి పరిగెత్తకండి

"అన్నా, అమెరికా వచ్చి ఏడాదైంది, 1987 మోడల్ టయోటా పికప్ ఒకటి చవకగా దొరికింది, ఇంజన్ బాగానే ఉంది కానీ ఎర్ర రంగంతా సున్నం కొట్టినట్టు తెల్లబడిపోయింది, మళ్లీ పెయింట్ వేయించమంటావా?" ఈ ప్రశ్న ఈమధ్య నన్ను ఒకరి తర్వాత ఒకరు అడుగుతున్నారు. డాలస్ దగ్గర ఇరవై ఏళ్లుగా ఉంటున్నాను, నా గరాజ్‌లో కూడా 1986 నాటి అలాంటి ఎర్ర పికప్పే ఉంది, అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను.

వద్దు. ఇప్పుడే వద్దు. ముందు ఒక తడి గుడ్డ తీసుకుని తెల్లబడిన చోట తుడవండి. తడి ఉన్నంతసేపూ అసలు ఎరుపు బయటపడి, ఆరగానే మళ్లీ పాలిపోయిందా? అయితే పెయింట్ ఇంకా బతికే ఉంది. పైన ఉన్న పలచని పొర మాత్రమే ఎండి సుద్దపొడి అయిపోయింది, దాని కిందే మీ రంగు ఉంది. తడిపినా బూడిద రంగో, ఇటుక రంగో కనిపించి ఎరుపు అసలు రాకపోతే అక్కడ ప్రైమర్, అంటే రంగు కింద వేసే అడుగు పూత, తేలిపోయినట్టు. దాన్ని ఏ పాలిషూ తిరిగి తేలేదు.

ఇప్పటి కార్లకి రంగు పూత మీద క్లియర్ కోట్ అని ఒక పారదర్శకమైన పూత ఉంటుంది, మెరుపూ దానిదే, ఎండ దెబ్బ కాచుకునేదీ అదే. ఆ పద్ధతి 1980లలో బాగా పాకింది. అంతకుముందు బండ్లకీ, ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు కొన్ని తెలుపు, ఎరుపు బండ్లకీ ఒకటే పూత, రంగూ మెరుపూ రెండూ అందులోనే. దాన్నే సింగిల్ స్టేజ్ అంటారు. ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాలు, గాలిలోని ఆక్సిజన్, వేడి కలిసి ఆ పూతలో రంగు కణాలని పట్టి ఉంచే రెసిన్‌ని తినేస్తాయి, అప్పుడు పట్టు వదిలిన రంగు పొడిలా పైకి తేలుతుంది. ఎరుపు మీద ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, అందుకే గులాబీ రంగుకి తిరుగుతుంది. మీ బండి ఏ రకమో తెలియాలంటే తలుపు కింద ఎవరికీ కనపడని చోట తెల్ల గుడ్డకి కొంచెం పాలిష్ రాసి రుద్దండి. గుడ్డకి రంగు అంటితే సింగిల్ స్టేజ్. అంటకుండా, పైనుంచి పొరలు పొరలుగా చర్మం ఊడినట్టు ఊడుతుంటే అది క్లియర్ కోట్ పోవడం, దానికి మళ్లీ పెయింట్ తప్పదు, ఇక్కడ నేను చెప్పేదేదీ దానికి పనికిరాదు.

నా బండి సంగతి చెప్తాను. కొన్న కొత్తలో నాకు ఇవేవీ తెలియక ఒక షాపులో ఇచ్చాను. వాళ్లు రోటరీ మెషీన్‌కి ఊలు ప్యాడ్ వేసి, పెయింట్‌ని అరగదీసే గరుకు పేస్ట్ (కాంపౌండ్)తో ఒక్క పూటలో బండంతా లాగేశారు. తెచ్చుకున్న రోజు అద్దంలా ఉంది, సంతోషపడ్డాను. మర్నాడు పొద్దున ఎండలో చూస్తే హుడ్ (బానెట్) మీద ఉబ్బెత్తు గీత పొడుగునా బొటనవేలంత వెడల్పున బూడిద రంగు తేలి ఉంది. అంచుల మీద పెయింట్ మామూలుగానే పలచగా ఉంటుంది, మెషీన్ ఒత్తిడంతా అక్కడే పడుతుంది. ఫ్యాక్టరీ పెయింట్ ప్రైమర్‌తో కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు), అందులో రంగు పూత వాటా ఇంకా తక్కువ. అరిగింది అరిగినట్టే. ఆ గీత చూసినప్పుడల్లా నాకు ఇప్పటికీ బాధేస్తుంది, ఎందుకంటే ముందు నూనె పట్టించి ఉంటే అంత కోత అవసరమే ఉండేది కాదు.

నూనె అన్నాను కదా, పనంతా అక్కడే ఉంది. మెగ్వయర్స్ అని 1901లో ఫర్నిచర్ పాలిష్‌తో మొదలైన కంపెనీ ఉంది, వాళ్ల నంబర్ 7 షో కార్ గ్లేజ్ అనే సీసా తీసుకోండి. ఇందులో రాపిడి పొడి ఉండదు, నూనెలు బాగా ఉంటాయి. బండి కడిగి ఆరబెట్టి, నీడలో, రేకు చల్లబడ్డాకే మొదలుపెట్టాలి. నూలు టెర్రీ టవల్ ముక్క మీద ఉదారంగా పోసుకుని ఒక్కో ప్యానెల్ చొప్పున చేత్తో గట్టిగా రుద్దండి. టవల్ ఎర్రగా అయిపోతుంది, కంగారు పడకండి, వచ్చేది చచ్చిన పెయింటే. తర్వాత ఇంకో పూత మందంగా రాసి, తుడవకుండా రాత్రంతా వదిలేయండి. మన అమ్మలు తలకి నూనె పట్టించి పొద్దున్న దాకా ఉంచేవాళ్లు చూడండి, అలాగే. ఎండిపోయిన పెయింట్ ఆ నూనెని పీల్చుకుంటుంది. మర్నాడు మెత్తని మైక్రోఫైబర్‌తో తుడిచేసి మళ్లీ రాయండి. నా బండి పైకప్పుకి మూడు రాత్రులు పట్టింది, తలుపులకి రెండే సరిపోయాయి. మూడో పొద్దున తుడుస్తుంటే లోపలి నుంచి ఆ ఎరుపు వచ్చింది చూశారూ, పక్కనే ఉన్న మా అమ్మాయి "నాన్నా, ఇది మన బండేనా" అంది.

చాలామందికి ఇక్కడితోనే సరిపోతుంది. ఇంకా మసక ఉంటేనే మెషీన్ జోలికి వెళ్లండి, అదీ రోటరీ కాదు, తిరుగుతూనే అటూ ఇటూ ఊగే డ్యూయల్ యాక్షన్ పాలిషర్, మెత్తని ఫోమ్ ప్యాడ్, సన్నరకం పాలిష్. అంచులకి, గీతలకి ముందే మాస్కింగ్ టేప్ వేసి, అక్కడ చేత్తోనే చేసుకోండి. సింగిల్ స్టేజ్ మీద ప్యాడ్ తొందరగా రంగుతో నిండిపోతుంది, ప్రతి ప్యానెల్‌కీ శుభ్రం చేయాలి. సింగిల్ స్టేజ్ మెటాలిక్ రంగు అయితే మాత్రం నూనె వరకే ఆగండి, దాన్ని కోస్తే అల్యూమినియం రేణువులు బయటపడి మచ్చలు పడతాయి.

పాత ఎరుపు, పసుపు, నారింజ పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి పొడిగా శాండ్ పేపర్ అసలు పట్టొద్దు, చేతికి గ్లవ్స్ వేసుకోండి, ఆ గుడ్డల్ని పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు లీజ్ ఒకసారి చదవండి, పార్కింగ్‌లో బండి కడగడం, బాగుచేయడం చాలాచోట్ల ఒప్పుకోరు. రోడ్డు పక్క డ్రెయిన్‌లో పడే నీళ్లు సాధారణంగా ఏ శుద్ధీ లేకుండా నేరుగా వాగులోకి పోతాయి, అందుకని కడగడం సెల్ఫ్ సర్వీస్ కార్ వాష్‌లో చేసుకుని, రుద్దడం ఎవరైనా స్నేహితుడి గరాజ్‌లో పెట్టుకోండి.

ఇంకో మాట, కొంతమంది "అన్నా, ఇలా నాలుగు కొని బాగుచేసి అమ్మితే?" అని కూడా అడుగుతున్నారు. మీ సొంత బండి అమ్ముకోవడం వేరు, దాన్నే వ్యాపారంగా చేయడం వేరు. ఎఫ్-1 మీదో హెచ్-1బీ మీదో ఉన్నవాళ్లు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా ఆ దారిలో ఒక్క అడుగు కూడా వేయొద్దు, బండి కోసం వీసా టెన్షన్ తెచ్చుకోవద్దు. ఇన్సూరెన్స్ విషయంలో "అగ్రీడ్ వాల్యూ" పాలసీ, అంటే బండి విలువ ముందే ఒప్పుకుని రాసుకునేది, ఇస్తారేమో కనుక్కోండి, మామూలు పాలసీలో పాత బండికి తరుగుదల పోగా మిగిలిన విలువే కడతారు. అలాంటి పాలసీకి రోజూ నడిపే బండి ఇంకొకటి ఉండాలని చాలా కంపెనీలు అడుగుతాయి. టెక్సస్‌లో 25 ఏళ్లు దాటిన బండికి యాంటీక్ నంబర్ ప్లేట్ దొరుకుతుంది కానీ దానితో రోజూ ఆఫీసుకి వెళ్లకూడదు. రోజూ నడపాలనుకుంటే క్లాసిక్ ప్లేటో, మామూలు ప్లేటో తీసుకోండి.

ఇక పని అయ్యాక వ్యాక్స్ మర్చిపోవద్దు. గ్లేజ్ పెయింట్‌ని తడిపి మెత్తబరుస్తుందే గానీ కాపాడదు, నాలుగుసార్లు కడిగితే పోతుంది. కార్నౌబా (ఒక రకం తాటి ఆకుల నుంచి తీసే మైనం) వ్యాక్స్ మంచిది, ఇక్కడి ఎండకి నేను రెండు నెలలకోసారి పూస్తాను. గిన్నెలు తోమే సబ్బుతో కడిగితే ఆ వ్యాక్స్ తొందరగా పోతుంది, కార్ షాంపూ వాడండి. వీలైనంత నీడలో పెట్టండి. కవర్ కప్పేవాళ్లు ముందు దుమ్ము కడిగి, బండి పూర్తిగా ఆరాకే కప్పండి, దుమ్ము మీద కప్పిన కవర్ గాలికి కదిలిందంటే అంత కష్టపడి తెచ్చిన మెరుపు మీద శాండ్ పేపర్ రుద్దినట్టే గీతలు పడతాయి.